‘వ్రాయించి ఇచ్చిన’ది ఎవరు? దస్తావేజు తెలుగులో స్త్రీ సంతకం

తెలుగు వచనంలో స్త్రీల స్వరం గురించి మాట్లాడేటప్పుడు మనం కథ, నవల, ఆత్మకథ దగ్గర మొదలుపెడతాం. ఇటీవలి కాలంలో లేఖల్నీ, డైరీల్నీ, మౌఖిక కథనాల్నీ కలుపుకున్నాం. కానీ ఉత్తమ పురుషలో ‘నేను’ అంటూ నడిచి, ఒక స్త్రీ సంతకంతోనో వేలిముద్రతోనో ముగిసే వచనం మరొకటి ఉంది. అది సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో గుట్టలుగా పేరుకుని ఉంది. హక్కు విడుదల పత్రాలు, భాగపరిష్కార దస్తావేజులు, దానపత్రాలు, వీలునామాలు. చదువు రాని స్త్రీల పేరు మీద కూడా ‘నేను’ అని రాయబడిన వచనం ఇదొక్కటేనేమో. మన విమర్శ ఆ వైపు చూసింది చాలా తక్కువ. దాన్ని వకీళ్లకూ రెవెన్యూ వాళ్లకూ వదిలేశాం.

స్త్రీలు న్యాయ సలహా కోసం అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. నాన్న వీలునామా రాయకుండా పోయారు, నాకు వాటా ఉందా? పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇస్తామన్న పొలం నాదేనా? అప్పట్లో సంతకం పెట్టేశాను, ఇప్పుడు దావా వేయొచ్చా? వీటికి చట్టం ఇచ్చే జవాబులు అంత కష్టమైనవేమీ కావు. కష్టమల్లా ప్రశ్న పుట్టే సమయానికి ఒక కాగితం ముందే తయారై ఉండటం. అందుకే ఆ కాగితాన్ని ఒక పాఠంగా, ఒక ప్రక్రియగా చదవాలని ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

సంతకం లేని ఒప్పందం

స్త్రీ ఒప్పందంలో కర్త కాకముందు ఒప్పందపు సరుకుగా ఉంది. ‘కన్యాశుల్కం’ నాటకాన్ని మనం సంఘ సంస్కరణ కోణం నుంచి ఎన్నోసార్లు చదివాం. కోర్టులూ వకీళ్లూ దొంగసాక్ష్యాలూ నిండిన నాటకంగా చదివింది తక్కువ. వ్యాజ్యాల పిచ్చి ఉన్న అగ్నిహోత్రావధాన్లు, తగాదాలే బతుకుతెరువైన రామప్పంతులు, వకీలు సౌజన్యారావు – కథ అంతా ఒక బేరం చుట్టూ తిరుగుతుంది. ఆ బేరంలో బుచ్చమ్మకు గానీ సుబ్బికి గానీ ఏ కాగితం మీదా చోటు లేదు. తన బేరం తనే మాట్లాడుకోగలిగింది మధురవాణి ఒక్కతే. ఆమెను ‘సంసారి’ కాదనుకున్న సమాజమే ఆమెకు ఆ మాట్లాడే వీలు ఇచ్చింది.

నాటకం 1897లో అచ్చయింది, పూర్తిగా మారిన రూపంలో 1909లో మళ్లీ వచ్చింది. కూతుర్ని ఇచ్చినందుకు తండ్రికి డబ్బు చెల్లించే ఒప్పందం ప్రజానీతికి విరుద్ధం, చెల్లదని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది 1908లో. దానికి ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షన్. అంతకు ముందు ఇదే హైకోర్టు ఇలాంటి ఒప్పందాన్ని తప్పుపట్టని సందర్భం కూడా ఉంది. అంటే చట్టం మారలేదు, చదివే చూపు మారింది. సాహిత్య విద్యార్థులుగా మనకు ఇది అర్థం కాని సంగతి కాదు.

ప్రేరణార్థక క్రియ

ఇక స్త్రీ సంతకం చేసే కాలానికి వద్దాం. చిన్నచిన్న తేడాలతో రెండు రాష్ట్రాల్లోనూ కనిపించే మూస వాక్యం ఇది: నా స్థిరబుద్ధితోను, ఒకరి ప్రేరేపణ గాని నిర్బంధము గాని లేకుండా, నా మనఃపూర్వకముగా వ్రాయించి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు.

‘వ్రాయించి’ అన్నది ప్రేరణార్థక క్రియ. నేను రాయలేదు, రాయించాను. వ్యాకరణం ప్రకారం రాసిన దస్తావేజు లేఖరి నా ఇష్టానికి పనిముట్టు, నేను అసలు కర్తను. వాస్తవంలో ఏం జరుగుతుంది? లేఖరిని పిలిచింది సోదరుడు. ఫీజు ఇచ్చింది సోదరుడు. సర్వే నంబర్లు చెప్పింది సోదరుడు. ఫలానా తేదీన ఆధార్ కార్డు పట్టుకుని రమ్మని కబురందాక ఆమెకు ఆ పత్రం సంగతే తెలియదు. అందరికంటే చివర తెలిసిన మనిషిని వాక్యం అందరికంటే ముందు కర్తగా నిలబెడుతుంది. పైగా అదే వాక్యంలో ‘ఒకరి ప్రేరేపణ లేకుండా’ అని ఉంటుంది. ప్రేరణ లేదంటూనే ప్రేరణార్థకంలో మాట్లాడే ఈ వాక్యం తన గుట్టు తానే విప్పుకుంటోంది.

పితృస్వామ్యం స్త్రీని ఎప్పుడూ కర్మగానే ఉంచుతుందని మనం అలవాటుగా అంటుంటాం. ఇక్కడ అలా కాదు. వదులుకునే చోట మాత్రం ఆమెను సంపూర్ణమైన కర్తను చేస్తుంది. పొలం పేరు ఎక్కించేటప్పుడు గుర్తురాని ఆమె పేరు, పొలం వదిలేటప్పుడు ఇంటిపేరుతో, భర్త పేరుతో, వయసుతో, వృత్తి ‘గృహిణి’తో సహా నిండుగా కనిపిస్తుంది. రిజిస్ట్రారు అడిగేది కూడా ఈ కర్తృత్వం గురించే. పత్రం మీరే రాసిచ్చారా అని అడుగుతాడు. ఇది న్యాయంగా ఉందా అని అడగడం రిజిస్ట్రేషన్ చట్టం అతనికి అప్పగించిన పని కాదు.

ప్రేమాభిమానాలు

ఈ పత్రాల్లో డబ్బు మాట రావలసిన చోట తరచూ ‘మీ యందు గల ప్రేమాభిమానముల చేత’ అని ఉంటుంది. దీన్ని తెలుగువాళ్ల మర్యాదగానో, లేఖరి అలంకారంగానో తీసుకుంటే పొరపాటు. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదనేది కాంట్రాక్టు చట్టపు మూలసూత్రం. 25వ సెక్షన్ దానికి ఇచ్చిన మొదటి మినహాయింపు దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాల వల్ల రాతపూర్వకంగా రాసుకుని రిజిస్టరు చేసుకున్న ఒప్పందం. ఆ సెక్షన్ లేఖరికి తెలిసినా తెలియకపోయినా, అతని పత్రంలో ప్రేమ అచ్చంగా డబ్బు చేసే పనే చేస్తోంది.

ఈ ప్రేమను కోర్టు చదివిన ఒక పాత ఉదాహరణ చెప్పాలి. 1900లో కలకత్తా హైకోర్టు ముందుకు రాజలక్ష్మీ దేవి కేసు వచ్చింది. తగాదాల తర్వాత వేరుగా ఉంటున్న భార్యకు మనోవర్తి ఇస్తానని భర్త రాసి రిజిస్టరు చేసిచ్చాడు, తర్వాత ఇవ్వలేదు. పత్రం నిండా వాళ్ల కలహాల ప్రస్తావనే ఉంది, ప్రేమ ఆనవాలు లేదు, కాబట్టి 25వ సెక్షన్ వర్తించదన్నారు. ఆమె ఓడిపోయింది. పాఠాన్ని ఎంత దగ్గరగా చదివారో చూడండి! మగవాడు స్త్రీకి ఇస్తానన్న చోట ప్రేమ ఉందా లేదా అని వాక్యాల మధ్య వెతికారు. చెల్లెలు అన్నకు రాసిచ్చే వేలాది పత్రాల్లో, ఆమె దావాకు తెగిస్తే తప్ప, ఆ వెతుకులాట ఎవరూ చేయరు. అక్కడ ప్రేమ ఉన్నదని ముందే అనేసుకున్నాం. ఎంత ఉందో మాత్రం ఎకరాల్లో తెలుస్తుంది.

‘పసుపు కుంకుమ’ కూడా ఇలాంటి మాటే. ఆ పేరుతో కూతురికి ఇచ్చిన భూమి గురించి ఊరంతటికీ తెలిసి ఉండవచ్చు. కానీ ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన పత్రం ఉండాలి. స్త్రీకి ఇచ్చేది నోటిమాట మీద నడుస్తుంది, ఆమె నుంచి తీసుకునేది రిజిస్టరు అవుతుంది. మౌఖికతను మనం స్త్రీల సంప్రదాయంగా గర్వంగా చెప్పుకుంటాం. ఆస్తి దగ్గరకొచ్చేసరికి ఆ మౌఖికతే ఆమెకు ఉచ్చు అవుతోందని కూడా గుర్తించాలి.

యావజ్జీవము అనుభవించి

ఈ భాష గురించి నేను రాయడానికి కారణం పుస్తకాలు కావు. నాన్న స్వార్జితంగా కొన్న నాలుగెకరాలూ ఇల్లూ ఉండగా, వీలునామా లేకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం మొదటినుంచీ చెబుతున్నది స్పష్టం: తండ్రి స్వార్జితంలో భార్య, కొడుకు, కూతురు సమాన వారసులు. అంటే మాకు తలా మూడో వంతు. ఆరు నెలలకు అన్నయ్య ఫోనుకు ఒక ముసాయిదా పంపాడు. అందులో అమ్మా నేనూ మా హక్కులు అన్నయ్యకు విడుదల చేస్తున్నాం, అమ్మ మాత్రం ఇంట్లో రెండు గదులు ‘యావజ్జీవము అనుభవించి, తదనంతరము’ అన్నయ్యకే చెందాలి.

అన్నయ్య చెడ్డవాడు కాడు. నాన్న ఆసుపత్రి ఖర్చు ఎక్కువ తనే పెట్టుకున్నాడు. “అందరూ పెట్టేదే కదమ్మా, అంత చదివి ఏం చేస్తావు?” అంది అమ్మ. పరిశోధన కోసం మూల ప్రతుల్లో పాఠభేదాలు పట్టుకుంటూ ఏళ్లు గడిపిన నాకు, నా తల్లి పేరున్న మూడు పేజీలు చదవొద్దని చెప్పడం వింతగా అనిపించింది. చదివాను. అమ్మ పేరుకు వచ్చే క్రియలన్నీ ‘అనుభవించు’ చుట్టూ, అన్నయ్య పేరుకు వచ్చేవి ‘దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో’, ‘పుత్ర పౌత్ర పారంపర్యముగా’. ఒకరికి కాలం, ఒకరికి భూమి. చట్టం ఆమెను అప్పటికే సొంతదారును చేసింది. ఆ ఒక్క పేజీతో ఆమె తన ఇంట్లో తానే గడువు ఉన్న మనిషి అవుతోంది.

‘యావజ్జీవం’ అన్న మాటకు మన నేల మీద ఒక పెద్ద చరిత్ర ఉంది. నెల్లూరుకు చెందిన తులసమ్మ కేసును స్త్రీవాద సాహిత్య పాఠకులు తప్పక చదవాలి. ఆమె భర్త 1931లో, తమ్ముడితో ఉమ్మడిగా ఉండగా చనిపోయాడు. 1944లో ఆమె కోర్టు ఫీజు కట్టలేని నిరుపేదగా మనోవర్తి దావా వేసింది. గెలిచింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకిచ్చారు – అనుభవించవచ్చు, అమ్మకూడదు, ఆమె తర్వాత మరిదికే పోవాలి. 1956 చట్టం వచ్చాక 1960, 61ల్లో ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది దావా వేశాడు. మున్సిఫ్ కోర్టు అతని వైపు, జిల్లా జడ్జి ఆమె వైపు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ అతని వైపు. చివరికి 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఆమె సంపూర్ణ హక్కుదారే అంది.

ఇక్కడ నాకు ముఖ్యమైనది చదివే పద్ధతి. రాజీపత్రం రాసినవాళ్ల ఉద్దేశం తేటతెల్లం: పరిమిత హక్కే. 14వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం పత్రమే పరిమితి పెడితే ఆ పరిమితి నిలుస్తుందనీ వాదించారు. కానీ కోర్టు అడిగిన ప్రశ్న వేరు: ఈ కాగితం ఆమెకు హక్కును కొత్తగా ఇచ్చిందా, లేక అప్పటికే ఉన్న మనోవర్తి హక్కును ఒప్పుకుందా? ఉన్న హక్కునే ఒప్పుకుంటే, పరిమితి మాటలు ఎన్ని రాసినా ఆస్తి మొదటి ఉపవిభాగం కింద ఆమెకు సంపూర్ణంగా చెందుతుంది. రచయిత ఉద్దేశమే పాఠానికి అర్థమనే నమ్మకాన్ని మన విమర్శ ఎప్పుడో ప్రశ్నించింది. పాఠానికి ముందున్న చరిత్రతో కలిపి చదివి, అందులో అణగిన హక్కును బయటికి తీయడం అంటే ఏమిటో ఈ తీర్పు చూపిస్తుంది.

అయినా కథ ముగియలేదు. భర్త వీలునామాతో భార్యకు జీవితకాలపు హక్కు మాత్రమే ఇచ్చిన కేసుల్లో తర్వాతి తీర్పులు రెండు వైపులా నడిచాయి. ఈ గందరగోళాన్ని తేల్చమని సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ 2024 డిసెంబర్‌లో విస్తృత ధర్మాసనానికి నివేదించింది. 1956లో రాసిన ఒక సెక్షన్‌లోని రెండు భాగాల మధ్య వితంతువు ఇంకా నిలబడే ఉంది.

మా ముసాయిదాలో నేను అమ్మ పేరు దగ్గర ‘యావజ్జీవము’ కొట్టేసి ‘సర్వ హక్కులతో’ అని రాసి, విడుదల పత్రానికి బదులు భాగపరిష్కార దస్తావేజు రాద్దామని పంపాను. అమ్మ వాటా వరకు అన్నయ్య ఒప్పుకున్నాడు, నా వాటా సంగతి మాట్లాడటం మానేశాడు. పండగలకు ఫోను వస్తుంది, ముక్తసరిగా.

చదివి వినిపించగా

పత్రాల చివర వచ్చే మరో వాక్యం: చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన నిశానీ. నేను చూసిన సందర్భాల్లో ఎవరూ ఎవరికీ చదివి వినిపించలేదు. ఆ వాక్యం జరిగినదాన్ని చెప్పదు, కోర్టులో రేపు రాబోయే ప్రశ్నకు ఇవాళే జవాబు సిద్ధం చేస్తుంది.

ఆ ప్రశ్న ఎక్కడిది? ఘోషా స్త్రీ పత్రం రాసిస్తే, ఆమె దాన్ని నిజంగా అర్థం చేసుకునే రాసిచ్చిందని నిరూపించే భారం లాభం పొందిన వాడిదేనని ప్రీవీ కౌన్సిల్ కాలం నుంచీ కోర్టులు చెబుతూ వచ్చాయి. చదువురాని స్త్రీలకూ దాన్ని విస్తరించారు. మంచిదే. కానీ ఈ రక్షణ వెనక ఉన్న స్త్రీ మూర్తిని చూడండి: లోకం తెలియదు, అక్షరం తెలియదు, అందుకే రక్షణ. నాలాంటి డాక్టరేటు ఉన్న స్త్రీ అన్నయ్య ముఖం చూడలేక సంతకం పెడితే ఆ రక్షణ దొరకదు. కాంట్రాక్టు చట్టం ‘స్వేచ్ఛా సమ్మతి’ని దెబ్బతీసేవి ఐదని చెప్పింది: బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు ప్రకటన, పొరపాటు. మన ఇళ్లలో సంతకాలు పెట్టించేది ఆరోది. దాని పేరు మొహమాటం. పుట్టింటి గడప ఉండాలా, పొలం ఉండాలా అని ఎంచుకోమనడం ఏ సెక్షన్ కిందకూ తేలిగ్గా రాదు. ‘అనుచిత ప్రభావం’ కింద నిరూపించాలంటే అన్నను కోర్టు బోనులో నిలబెట్టాలి. అందుకే ఎంతోమంది నిరూపించరు. పైగా పత్రం రద్దు కోరే దావాకు, విషయం తెలిసిన నాటినుంచి మూడేళ్లే గడువు.

ఉమ్మడి స్వాధీనం అనే కల్పన

సంతకం పెట్టని స్త్రీ భాగం కోసం దావా వేస్తే ఆమె మరో ప్రక్రియలోకి అడుగుపెడుతుంది. 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం, ఆస్తి నుంచి తనను వెళ్లగొట్టారని వాదిని రాస్తే తన వాటా మార్కెట్ విలువ మీద ఫీజు కట్టాలి. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానంటే నిర్ణీతమైన చిన్న మొత్తం చాలు. అందుకని గేటు లోపలికి కూడా రానివ్వని ఆడపిల్ల తన దావాలో తాను అందరితో పాటు ఆస్తిని అనుభవిస్తున్నట్టు రాయించుకోవలసి వస్తుంది. ఆమె అసలు గాయం వెలివేత. ఆ వెలివేతనే చెప్పుకోకుండా ఉంటేనే కోర్టు గడప చవక. సాక్ష్యంలో ప్రతివాది వకీలు మొదట పట్టుకునేది కూడా దీన్నే.

న్యాయసేవల చట్టం (1987) 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. కోర్టు ఫీజు కూడా అందులోకి వస్తుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉండే ఆ ఆఫీసు గురించి చెప్పడం కూడా స్త్రీవాద సాహిత్య కార్యకర్తల పనే అనుకుంటాను.

ఉమ్మడి ఆస్తి విషయంలో మన చరిత్ర గర్వించదగ్గది, నిరాశ కలిగించేది కూడా. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన సవరణతో కూతుర్ని కోపార్సెనర్‌గా గుర్తించిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. కానీ ఆనాటికి పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది. ఆ సవరణ అమలైన నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని వినీతా శర్మ తీర్పు 2020 ఆగస్టులో తీర్చింది, అక్కర్లేదని. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిన పంపకాలు కదలవు. చట్టం ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ‘విడుదల’ పత్రాల అవసరం కూడా పెరిగింది. హక్కు లేని మనిషి చేత ఎవరూ హక్కు వదిలించుకోరు కదా.

ఇదంతా ఎంతో కొంత ఆస్తి ఉన్న ఇళ్ల కథేనని ఒప్పుకోవాలి. భూమే లేని దళిత స్త్రీకి ఈ దస్తావేజుల్లో ‘నేను’ అనే చోటు కూడా లేదు. వారసత్వం గురించి మాత్రమే మాట్లాడే స్త్రీవాదం ఆమెను మళ్లీ అంచున నిలబెడుతుంది. అలాగే మతాల వారీగా తేడాలున్నాయి. ముస్లిం చట్టంలో కూతురి వాటా కొడుకు వాటాలో సగమే, నిజమే. కానీ తక్కిన వారసులు ఒప్పుకుంటే తప్ప మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి వీల్లేదు కాబట్టి, ఒక్క కాగితంతో కూతుర్ని పూర్తిగా తుడిచేయడం కుదరదు. హిందూ తండ్రి స్వార్జితాన్నంతా ఎవరికైనా రాసేయగలడు. అలాంటి వీలునామాల్లో ‘కుమార్తెకు వివాహ సమయమున ఇవ్వవలసినది ఇచ్చి యున్నాను’ అన్న వాక్యం తరచూ ఉంటుంది. 1961 నుంచి నేరమైన కట్నం, ఆమె వాటాకు రశీదుగా మారిపోతుంది.

మనం రాయవలసిన పాఠం

స్త్రీలు రాసుకున్న వీలునామాలు తక్కువ. మనకేముంది రాయడానికి అంటారు. 1956 చట్టం 15వ సెక్షన్ చదివితే ఆ మాట అనరు. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే, ఆమె స్వార్జితం కూడా కన్నవాళ్ల కంటే ముందు భర్త వారసులకు పోతుంది. పెళ్లయిన కొద్ది నెలలకే వితంతువై, అత్తింటి నుంచి గెంటివేయబడి, పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ సంపాదన ఆ గెంటినవాళ్ల వైపుకే వెళ్లిందని ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమంది. ఆమె ఒక కాగితం రాసి ఉంటే అలా జరిగేది కాదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తన సంతకం, ఆ సంతకాన్ని చూసి చేసిన ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. సాక్షులు లబ్ధిదారులు కాకపోవడం మంచిది. ఎవరికైనా ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదో ఒక వాక్యం రాయడం మంచిది, ఎందుకంటే సహజ వారసుల్ని కారణం లేకుండా తప్పించిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి. ఆ ఒక్క వాక్యంలో ఒక జీవితం మొత్తం చెప్పవచ్చు. అది లేఖరి మూసలో కాకుండా తన తెలుగులో ఉండాలి. మా అమ్మ ఇప్పుడు అలాంటిదొకటి రాస్తోంది. నేను చూడలేదు. వాటాలు ఎవరికో కూడా అడగలేదు. ‘వ్రాయించి’ అని కాక ‘రాశాను’ అని రాయమ్మా అని మాత్రం చెప్పాను.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో శాసనాల భాష పాఠ్యాంశంగా ఉంది. రాజులు ఎవరికి ఏ భూమి దానమిచ్చారో మన విద్యార్థులు శ్రద్ధగా చదువుతారు. అదే తరగతిలో ఒక విడుదల పత్రం, ఒక దావా ప్రతి, తులసమ్మ తీర్పు కూడా చదివించమని నా ప్రతిపాదన. ఆ తరగతిలో కూర్చున్న ఆడపిల్లల్లో చాలామంది ముందుకు ఇంకో పదేళ్లలో అలాంటి కాగితం ఒకటి వస్తుంది. సంతకం పెట్టాలో వద్దో వాళ్ల ఇష్టం. చదవడం మాత్రం మనమే నేర్పాలి.